కోల్డ్ స్టోరేజీ గోడ మీద చెయ్యి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. ఎవరన్నా మొదలుపెడితే అక్కడ్నుంచి లేచి వెళ్లిపోయేవాణ్ని. నేను చేసిన ఉద్యోగం కూడా అందుకు తగ్గదే. కంటికి కనబడని వేడిని పట్టి చూపించే పని. కొలతకు దొరకనిది ఈ లోకంలో ఏదీ లేదని నా ధీమా. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు, ఒక్క మా అక్కకు తప్ప.

ఇది ఎనభైల చివర్లో నరసరావుపేటలో జరిగింది. మాది ఆ ఊరే. నాన్న లారీ మెకానిక్. నేను ఐటీఐ చదివి మద్రాసులో ఒక కంపెనీలో చేరాను. ఆ కంపెనీకి విదేశాల నుంచి తెప్పించిన ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉండేది. పవర్‌హౌస్‌లకూ ఫ్యాక్టరీలకూ దాన్ని మోసుకెళ్లి, ఎక్కడ ఏ జాయింటు వేడెక్కుతోందో చూసి చెప్పేవాళ్లం.

మా అక్క ఖైరున్ మాత్రం ఊళ్లోనే ఉండేది. బావ మస్తాన్‌వలి ఊరి బయట మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఆపరేటర్. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా ప్లాంటు నడపటం ఆయన పని. బంగారంలాంటి మనిషి. ఒక్కటే రోగం, కూర్చుంటే చాలు కునుకు పట్టేది. పెళ్లి భోజనాల బంతిలో కూడా తూగేవాడు. మేమంతా తెగ ఏడిపించేవాళ్లం. ఆ ఎగతాళే చివరికి మా కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం ఆ స్టోరేజీలో లోపలి గదిలో ఆడవాళ్లు తేమ పట్టిన బస్తాలు విప్పి కాయలు ఏరుతున్నారు. కళ్లు మండాయి, దగ్గు వచ్చింది. మిరపకాయల మధ్య కూర్చున్నవాళ్లకు కళ్లు మండటం ఏం వింత? కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని పని చేసుకుంటూనే ఉన్నారు. బయట హమాలీలు, "ఈసారి కాయ చానా ఘాటుగుందిరోయ్" అని నవ్వుకున్నారట కూడా. మిరపకాయతో పుట్టి పెరిగిన మావాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. అది కాయ ఘాటు కాదు, అమ్మోనియా.

తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అందరూ బయటికి పరిగెత్తారు గానీ రమణమ్మ అనే ఆవిడ లోపలే పడిపోయింది. ఆమెది మా అక్కవాళ్ల వీధే. బావ తడిగుడ్డ మొహానికి చుట్టుకుని లోపలికి వెళ్లి ఆమెను తలుపు దాకా లాక్కొచ్చాడు. బయటున్నవాళ్లు ఆమెను అందుకున్నారు. అప్పటికే ప్రాణం పోయింది. బావ ఎందుకో మళ్లీ వెనక్కి వెళ్లాడు. లోపలి మూలలో, గోడకు ఆనుకుని దొరికాడు. కళ్లు కనబడక దారి తప్పి ఉంటాడన్నారు.

తర్వాత లీకు కోసం వెతికారు. గంధకం పుల్ల వెలిగించి పైపుల వెంట తిప్పితే, అమ్మోనియా ఉన్నచోట తెల్లటి పొగ లేస్తుంది. అప్పట్లో అందరూ చేసే పద్ధతి అదే. ఎక్కడా పొగ లేవలేదు. లీకే లేనప్పుడు గ్యాస్ ఎలా వస్తుంది? ఆపరేటర్ వాల్వు తిప్పి నిద్రపోయాడని తేల్చేశారు. బావ కునుకు సంగతి ఊరందరికీ తెలిసిందేగా!

అక్క బతుకు నరకమైంది. రమణమ్మ తల్లి సీతమ్మ, అంతకుముందు అక్కను కూతురా అని పిలిచిన మనిషి, కుళాయి దగ్గర అందరి ముందూ దుమ్మెత్తిపోసింది. "నీ మొగుడు నిద్దరపోయి నా బిడ్డను పొట్టన పెట్టుకున్నాడే" అని గుండెలు బాదుకుంది. ఆ పెద్దావిడను మాత్రం ఏమనగలం? అక్క ఖాళీ బిందెతో ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఆ కుళాయికి వెళ్లలేదు.

మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా, అక్కకు కోపం వచ్చినా ఏడుపొచ్చినా తెలుగులోకే దిగేది. నేను మద్రాసు నుంచి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. "ఒరేయ్ బాషా, నిజంగా నిద్దరపోయాడంటావా? ఊరోళ్లు అంటే అననీరా. నాకే అనుమానం వస్తంది. అదిరా నన్ను తినేస్తంది." నాకూ అదే అనుమానం మరి.

కొన్ని నెలలకు మాచర్ల అవతల డ్యామ్ దగ్గర పవర్‌హౌస్‌లో మాకు పని పడింది. అది అయ్యాక కెమెరాతో జీపులో తిరిగి వస్తూ, మా ఆఫీసర్‌ను బతిమాలి నరసరావుపేటలో ఆగాను. స్టోరేజీ యజమాని కూడా సరేనన్నాడు. సీజన్ దగ్గరపడుతోంది, కూలీలేమో ఆ గదిలోకి అడుగుపెట్టమని మొరాయిస్తున్నారు. ఏ లీకూ లేదని నాతో చెప్పించుకుంటే ఆయనకు పని జరుగుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కెమెరా గ్యాస్‌ను చూపిస్తుందని చాలామంది అనుకునేవారు. చూపించదు. మా దగ్గరున్నది వేడినీ చలినీ మాత్రమే చూపేది. తెల్లగా కనబడితే వేడి, నల్లగా కనబడితే చలి. అమ్మోనియా పైపులోంచి కారితే చుట్టూ బాగా చల్లబడుతుంది గనక, గోడ లోపల దాగిన లీకు కూడా నల్లటి మచ్చగా బయటపడొచ్చని నా ఆశ.

దానితో జాగ్రత్తలు కూడా ఎక్కువే. కెమెరా పనిచెయ్యాలంటే అందులో ద్రవ నైట్రోజన్ పొయ్యాలి. మూసిన గదిలో పోస్తే అది ఆవిరై గాలిని నెట్టేస్తుంది, మనకు ఊపిరి అందదు. అందుకని ఆరుబయటే పోశాను. బ్యాటరీ పెట్టె నుంచి నిప్పురవ్వ రాదన్న హామీ లేదు. అమ్మోనియా బాగా చేరితే అంటుకుంటుంది కూడా. కాబట్టి ముందు తలుపులన్నీ తీయించాను. గాలి ఆడాక, తెల్లగుడ్డను పసుపునీళ్లలో ముంచి పొడుగు కర్రకు కట్టి లోపల పెట్టించాను. అమ్మోనియా ఉంటే పసుపు ఎర్రబడుతుంది, మిరప ఘాటుకు ఎర్రబడదు. గుడ్డ పచ్చగానే ఉంది. అప్పుడు లోపలికి వెళ్లాను.

బావ స్థానంలో వచ్చిన ఆపరేటర్ కోటయ్య నా వెనకే ఉన్నాడు. కెమెరా చూసేవాడికి కాళ్ల కింద ఏముందో కనబడదు. అందుకే నడుముకు తువ్వాలు కట్టుకుంటాం, వెనకున్న మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుంటాడు. ఏదన్నా తేడా వస్తే వెనక్కి లాగేస్తాడు. మేమిద్దరం తప్ప గదిలో ఎవరూ లేరు. పట్టపగలు. తీసిన తలుపులోంచి ఎండ కూడా పడుతోంది.

గోడ అంతా ఒకే బూడిదరంగులో కనబడుతోంది. మెల్లగా కెమెరా తిప్పుకుంటూ వస్తుంటే, భుజం ఎత్తులో తెల్లగా ఒక మచ్చ. సరిచేసి చూశాను. అరచెయ్యి. అయిదు వేళ్లూ విడివిడిగా కనబడుతున్నాయి. ఎవరన్నా చల్లటి గోడ మీద చెయ్యి ఆనించి తీస్తే, ఆ వెచ్చదనం కాసేపు అలాగే ఉండి తర్వాత పోతుంది. కెమెరా పట్టినప్పుడు గోడ ముట్టుకోకూడదన్నది అందుకే, మన చేతి వేడే మనల్ని మోసం చేస్తుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "కోటయ్యా, గోడ ముట్టుకోవద్దన్నానా లేదా?" అన్నాను.

"నేనేడ ముట్టుకున్నా అన్నా? రెండు చేతులా నీ తువ్వాలే పట్టుకునున్నా" అన్నాడు.

నిజమే. నడుము దగ్గర రెండు వైపులా బిగువు తెలుస్తూనే ఉంది.

చూస్తుండగానే ఆ చెయ్యి మసకబారి పోయింది. దాని పక్కన, జానెడు దూరంలో, ఇంకొకటి. ఇది ఇంకా తెల్లగా, అప్పుడే పెట్టి తీసినట్టుంది. అదీ మాయమవుతుండగా మరికొంచెం అవతల ఇంకొకటి. గోడను తడుముకుంటూ ఎవరో నాకంటే ముందు నడుస్తున్నట్టే ఉంది. కెమెరా కిందికి దించి మామూలు కళ్లతో చూశాను. ఉత్త గోడ. మళ్లీ పైకెత్తితే చెయ్యి ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక అడుగు వెనక్కి వేశాను.

అయినా దాని వెంటే వెళ్లాను. లోపలి మూలకు వచ్చేసరికి చివరి చెయ్యి కదలకుండా అక్కడే నిలిచింది. దాని వేళ్ల కింద, సున్నం పూత వెనక, నల్లటి మచ్చ. బొగ్గులాంటి నలుపు. గోడలోంచి పైపు వంపు తిరిగే చోటు అది. కెమెరాకు తగిలించిన, అప్పటికప్పుడే ఫొటో చేతికిచ్చే పోలరాయిడ్‌తో ఫొటో నొక్కాను. మళ్లీ చూసేసరికి చెయ్యి లేదు, నల్లమచ్చ మాత్రం ఉంది.

ప్లాంటు ఆపించి, మాస్కులు పెట్టుకున్న మెకానిక్‌లతో అక్కడ సున్నమూ దాని వెనక చలి బయటికి పోకుండా పెట్టిన కార్కు బెరడు పలకలూ తీయించాం. పసుపుగుడ్డ దగ్గర పెట్టగానే కుంకుమలా ఎర్రబడింది. తుప్పుతిన్న పైపుకు సూదిమొనంత బెజ్జం. కారిన గ్యాస్ పలకల వెనకే పాకి ఇంకెక్కడో బయటపడుతోంది కాబోలు, అందుకే గంధకం పుల్లకు దొరకలేదు. బావ పడిపోయిన మూల అదే. ఆయన దారి తప్పలేదు.

ఫొటోలో నల్లమచ్చ స్పష్టంగా పడింది. చెయ్యి పడలేదు. నా ఒంటి వేడే గోడ మీద మెరిసిందేమోనని తర్వాత చాలా ఆలోచించాను. అలా మెరిస్తే నాతోపాటు కదలాలి. వేళ్లెందుకుంటాయి? మద్రాసు వెళ్లాక కెమెరాను పరీక్ష చేయిస్తే ఏ లోపమూ లేదన్నారు.

యజమాని నలుగురి ముందూ ఒప్పుకున్నాడు, తప్పు పైపుదే గానీ బావది కాదని. ఆ సాయంత్రం సీతమ్మ మా అక్క గడప దగ్గరకొచ్చి కూలబడింది. అక్కే లేపి లోపలికి తీసుకెళ్లింది. ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఇదంతా కొన్ని నెలల ముందే జరిగి ఉంటే ఇద్దరికీ ఆ నరకం తప్పేదని నాకు ఇప్పటికీ బాధే.

ఆమె వెళ్లాక అక్కకు చేతుల సంగతి చెప్పాను. నవ్వుతుందేమో, భయపడుతుందేమో అనుకున్నాను. ఏమీ లేదు. అంతా విన్నది.

"నిద్దరపోలా" అంది మొదట. కళ్లు తుడుచుకుంది. "నేనే పాపిష్టిదాన్ని, ఊరోళ్ల మాట నమ్మా."

తర్వాత, "ఆ చెయ్యి మీద నీ చెయ్యి పెట్టావారా?" అంది.

పెట్టలేదన్నాను. కెమెరా పనిలో గోడ తాకకూడదని ఏదో నసిగాను.

"పెట్టాల్సిందిరా" అంది అక్క. "ఎచ్చగుండేదేమో. ఆఖర్న నేను పట్టుకునేతలికి ఐసుగడ్డలాగుంది ఆయన చెయ్యి."

అక్క పోయి చాలాకాలమైంది. ఆ చేతులు బావవేనని చెప్పటానికి నా దగ్గర ఏ రుజువూ లేదు, కాదనటానికి నోరూ రాదు. ఆ చివరి చెయ్యి నాకు మూరెడు దూరంలో ఉంది. తెల్లగా, వెచ్చగా కనబడుతోంది. నా కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. నేను ఫొటో తీసుకున్నాను.