ఆఫ్ సీజన్ వారం

మిర్యాలగూడ రైసుమిల్లులో కాంటా దగ్గర గుమాస్తాగా పనిచేసినన్నాళ్ళూ, సాయంత్రం పూట నేను గ్రంథాలయానికి వెళ్ళని రోజులు తక్కువ. నా చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఆ తరువాత నేర్చుకున్నదంతా ఆ గ్రంథాలయంలోని పొడవాటి బల్ల దగ్గరే. దినపత్రికతో మొదలుపెట్టి వైద్యం, ఖగోళం, చట్టాలు, చేతికి ఏది అందితే అది చదివాను. అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి అక్కడ ఉండేది. లేవకుండా చెయ్యి చాపితే అది అందే కుర్చీనే నా కుర్చీ. మిల్లుకు ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా నన్నే పిలిచేవారు. హమాలీల మేస్త్రీ నన్ను 'లైబ్రరీ పంతులూ' అనేవాడు. అది వెక్కిరింతే, అయినా నాకు బాగానే ఉండేది.

మిల్లు బతుకులో రెండే కాలాలు: సీజను, ఆఫ్ సీజను. వానాకాలం పంట కోతకు వచ్చినప్పుడు ఒక సీజను, వేసవిలో యాసంగి వడ్లు వచ్చినప్పుడు ఇంకో సీజను. ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీద వరుస కట్టేవి. అన్నం కాంటా పక్కనే తినాలి. అప్పుడు సెలవు అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. వానలు మొదలయ్యాక దసరా దాకా ఆఫ్ సీజను. మాకు ఊపిరాడేది అప్పుడే.

పెద్దపాపకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి మోకాళ్ళు లోపలికి ఒరగడం మొదలైంది. అప్పటిదాకా మేము మా అమ్మ దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. నేను మిల్లుకు సైకిల్ మీద వచ్చిపోయేవాణ్ణి. ఇంటిల్లిపాదీ తాగింది బోరు నీళ్ళే. సూర్యాపేట దవాఖానలో డాక్టరు పాపను గదిలో అటూ ఇటూ నడిపించి చూసి, నీళ్ళలోని ఫ్లోరైడు అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. గ్రంథాలయంలో దాని గురించి చదివాను. చదివి పదిమందికీ వివరించి, ఇంటికి వచ్చి అదే కుండలోంచి ముంచుకుని తాగాను.

"నీళ్ళు మార్చండి. పాపను ఆడనీయండి, ఎగరనీయండి. రెండేళ్ళకో మూడేళ్ళకో మోకాళ్ళు బిగుసుకుపోవచ్చు. ఎప్పుడన్నది నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు.

ఆ నెలలోనే మిర్యాలగూడలో కిరాయి ఇంట్లోకి మారాం. అక్కడ కాలువ నీళ్ళు వచ్చేవి.

ఆ చలికాలం సూర్యాపేటలో ఎగ్జిబిషన్ పెడితే పిల్లలిద్దరినీ తీసుకుపోయాం. పెద్దపాప జెయింట్ వీల్ ముందు నిలబడి కదలలేదు. వరుస చాలా పొడుగ్గా ఉంది, మా బస్సుకు వేళ దాటిపోతోంది. "ఇంకోసారి ఎక్కిస్త బిడ్డా" అన్నాను. బయటికి వచ్చే దారిలో ఒక దుకాణం దగ్గర లక్కీ డ్రా చీటీ నింపమన్నారు. చక్కని అక్షరాలతో నింపి డబ్బాలో వేశాను.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మీకు బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ రండి అని.

సూర్యాపేటలో హైవే పక్కన ఒక హోటల్ మేడ మీద కుర్చీలు వేశారు. చాయ్, బిస్కెట్లు, చేతికి ఒక హాట్ బాక్సు ఇచ్చి, టై కట్టుకున్న కుర్రాడు ఆల్బమ్ విప్పాడు. హైదరాబాదు అవతల పెద్ద వినోదాల పార్కు, దాన్ని ఆనుకుని గదులు. ఏటా ఒక వారం ఆ గది మనది. ఇరవై ఐదేళ్ళ పాటు. ఆటలన్నీ అందులోనే కలిసి ఉంటాయి.

"దీన్ని టైమ్ షేర్ అంటారు సార్" అన్నాడు.

"అంటే, కాలంలో వాటా" అన్నాను నా భార్య వైపు తిరిగి.

"అబ్బ, ఎంత బాగా చెప్పారు సార్! ఇంత తొందరగా ఇక్కడ ఎవ్వరికీ అర్థం కాలేదు."

నన్ను 'సార్' అనేవాళ్ళు అప్పటికి లేరు. నేను కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను. ఆల్బమ్ మూడో పేజీలో జెయింట్ వీల్ ఉంది, సూర్యాపేటదానికి రెండింతలు.

నా భార్యది కోదాడ. మాట ఆంధ్ర వైపు మొగ్గుతుంది. ఆమె 'ఏమండీ' అన్నప్పుడల్లా మా అమ్మ "ఏందమ్మా, మా పోరడు కలెక్టరా?" అని నవ్వేది. ఆ రోజు నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

"ఏమండీ, ఇరవై ఐదేళ్ళకి పాపకి ముప్పై మూడు వస్తాయి. మనకి కావాల్సింది ఈ ఎండాకాలం కదా? గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని ఒక్కరోజు పోయి రాలేమా?"

"ఒక్కరోజు పోతే ఒక్కసారే అయితది. ఇదైతే ఏటా పోవచ్చు. నీకు సమజైతలేదు."

"నాకు బాగానే అర్థమైంది. పాప కాళ్ళకి ఏటా అన్న లెక్క లేదు."

ఏటా అనుకుంటే పాప ఏటా నడుస్తుందని ఎక్కడో నమ్మాను. ఇరవై ఐదేళ్ళ కాగితం చేతిలో ఉంటే ఆ డాక్టరు మాట తప్పవుతుందేమోనని కూడా.

ఒప్పందం ఎనిమిది పేజీలు. చదవకుండా సంతకం పెట్టనన్నాను. కుర్రాడు మూడు రోజులు గడువిచ్చాడు. ఆ మూడు సాయంత్రాలూ నిఘంటువు ముందు పెట్టుకుని తెలియని ప్రతి మాటకూ అర్థం వెతికి, పెన్సిలుతో పక్కన రాసుకున్నాను. లైబ్రేరియన్ వచ్చి చూసి "వకీలు కూడ ఇంత సదవడు" అన్నాడు. 'ఆఫ్ సీజన్' అన్న మాట ఐదు చోట్ల ఉంది. దానికి అర్థం వెతకలేదు. అది నాకు తెలిసిన మాట.

నాలుగో రోజు కుర్రాడు మా ఇంటికి వచ్చి, ఫారం ముందు పెట్టి అడిగాడు.

"ఏ వారాలు కావాలి సార్? సీజనా, ఆఫ్ సీజనా?"

"ఆఫ్ సీజనే రాయి. సీజన్ల నాకు తల గోక్కునే తీరిక ఉండదు."

కుర్రాడు కలం ఆపాడు. "పిల్లలున్నారు కదా సార్. ఒకసారి ఆలోచించుకోండి."

ఎక్కువ ఖరీదుది అంటగట్టాలని చూస్తున్నాడనుకున్నాను. అమ్మేవాళ్ళ ఎత్తుల గురించి పత్రికల్లో ఎన్ని చదవలేదు! "ఆలోచించే చెప్తున్న" అన్నాను.

"పిల్లల సెలవులు ఎప్పుడో..." అని నా భార్య మొదలుపెట్టింది.

"నువ్వూకో. నాకు ఎరికే" అన్నాను.

ఆమె హాట్ బాక్సు మూత తీసి, మళ్ళీ పెట్టింది.

మర్నాటికి మిల్లంతా తెలిసిపోయింది. మేస్త్రీ కాంటా మీద బస్తా దించి, "పంతులు కాలంల వాటా కొన్నడంట! పొలంల వాటా ఉంటే జెప్పు పంతులూ, మేం గూడ వస్తం" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలం వడ్లు విపరీతంగా వచ్చాయి. నేను కాంటా వదల్లేదు. పాప బడి సెలవులన్నీ ఇంటి ముందు తాడాట ఆడింది. మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నా ఎగిరేది. జూలైలో మా వారం నంబరు వేసిన కార్డు వచ్చింది. బడికి సెలవు చీటీ రాసి, నలుగురం బస్సులో పోయాం.

కోదాడ దాకా పోయి అత్తగారింట్లో ఉండి వచ్చినా అంతకంటే సంబరంగా ఉండేదేమో. పోయిన రోజు నుంచీ వాన. నీళ్ళ ఆటలు బందు. రైలుబండికి టార్పాలిన్ కప్పారు. జెయింట్ వీల్ నిలిచిపోయి ఉంది. ఇద్దరు మనుషులు దాని చువ్వలకు పసుపు రంగు వేస్తున్నారు.

"ఇది ఎప్పుడు తిరుగుతది?" అని గేటు దగ్గరి మనిషిని అడిగాను.

"ఆఫ్ సీజన్ గద సార్. రిపేర్లన్నీ గిప్పుడే జేస్తం. జనం ఎండకాలమొస్తరు, పిల్లలకు బడి తాతీలుంటయి గద."

అతను చాలా మామూలుగా చెప్పాడు. మా తీరికా వాళ్ళ తీరికా ఒక్కటేనని, ఆ తీరికలో వాళ్ళు యంత్రాలు విప్పుతారని అప్పుడు తెలిసింది. మా మిల్లులో కూడా మోటార్లు విప్పేది ఆఫ్ సీజన్‌లోనే. అది నా కళ్ళ ముందు ప్రతి ఏడూ జరిగేదే.

నా భార్య ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

గది కిటికీలోంచి వీల్ కనిపించేది. పాప పొద్దున లేవగానే అక్కడికి పోయేది.

"నాయినా, రేపు తిరుగుతదా?"

"తిరుగుతది బిడ్డా."

ఆఖరి రోజు వాన తెరిపి ఇచ్చింది. రంగు వేసే ముసలాయన పాపను చూసి, వీల్‌కు కింద ఉన్న పెట్టెలో కూర్చోబెట్టి, చేత్తో ఊయలలా ఊపాడు. నేల మీద నుంచి మూరెడు లేచిందేమో. పాప రెండు చేతులతో అంచు పట్టుకుని పకపకా నవ్వింది. గౌను వెనక అంటుకున్న పసుపు రంగు ఎన్ని ఉతుకులకూ పోలేదు.

వారం మార్చమని కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాను. మంచి ఇంగ్లీషులోనే రాశాను. కుదరదని ఒక్క ఉత్తరం వచ్చింది. మరుసటి మే నెలలో సెలవు అడిగితే యజమాని గేటు బయటి ట్రాక్టర్ల వైపు చూపించాడు. ఆ ఏడు చివర్లో పాప తాడాట మానేసింది. మేము మానమనలేదు, తనే మానేసింది.

ఆ పై ఎండాకాలం నేను ఎవరినీ అడగలేదు. తాళాలు మేస్త్రీ చేతిలో పెట్టాను. "పో పంతులూ, నేను జూసుకుంట" అన్నాడు. ఈసారి నవ్వలేదు. పార్కు గేటు దగ్గర అందరితో పాటు వరుసలో నిలబడి టికెట్లు కొన్నాం. నా భార్య మొదటి రోజు అడిగింది అదే.

జెయింట్ వీల్ తిరుగుతోంది. మెట్లు నేను ఎత్తుకుని ఎక్కించాను. పెట్టెలో కూర్చున్నాక ఒడి మీదుగా ఇనుప కడ్డీ వేస్తారు. పాప కాళ్ళు ముందుకు చాచినట్టే ఉండిపోయాయి, మోకాళ్ళు వంగవు. కడ్డీ దిగలేదు. అక్కడి మనిషి రెండుసార్లు నొక్కి చూసి, "వద్దమ్మా, ప్రమాదం. దించుండ్రి" అన్నాడు. వెనక వరుసలో పిల్లలు తొందరపడుతున్నారు.

పాప ఏడవలేదు. చెల్లెలితో "నువ్వు అమ్మతోని ఎక్కు. నేను కిందికెల్లి చెయ్యి ఊపుత" అంది.

మేమిద్దరం సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ళ పెట్టె కిందికి వచ్చినప్పుడల్లా పాప చెయ్యి ఊపింది. నా భార్య పైనుంచి మా వైపే చూస్తోంది. ఒక్కసారి కూడా దూరం చూడలేదు.

"నాయినా, ఇప్పుడు సీజనా?"

"అవును బిడ్డా."

"అందుకేనా తిరుగుతున్నది?"

అవునన్నాను. పాప తల ఊపి, మళ్ళీ చెయ్యి పైకెత్తింది. చెల్లెలి పెట్టె కిందికి వస్తోంది.