కరుణమ్మ దాటించిన పళ్ళెం

మా కరుణమ్మ టీచరమ్మ లోకయాత్ర ముగించారు. వార్త తెలిసేసరికి నేను వనస్థలిపురం నుంచి వచ్చే బస్సులో ఉన్నాను. ఎల్బీ నగర్‌లో దిగాల్సినదాన్ని దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి, ఎటు నడవాలో తోచక రోడ్డు పక్కన నిలబడిపోయాను.

మొదటి రోజంతా దుఃఖమే. మర్నాడు భూస్థాపనలో కోపం వచ్చింది. మా పాస్టరుగారు పెట్టె పక్కన నిలబడి, ఈ సహోదరి ఎంత దీనమనస్కురాలంటే, తాను అయోగ్యురాలినని ఏళ్ళ తరబడి ప్రభు బల్లలో, క్రీస్తు జ్ఞాపకంగా నెలకోసారి సంఘమంతా పంచుకునే రొట్టెను, ముట్టుకోలేదని చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. అది పచ్చి అబద్ధం. అది ఆమె పేరు మీద నిలిచిపోకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

టీచరమ్మ మలక్‌పేట దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళింటి ముందుగదే మా ఆదివారం బడి. ప్రార్థనలో కునుకు తీస్తే "ఏందే మొద్దూ, దేవునితోని మాట్లాడుకుంట నిద్రపోతవా?" అని నెత్తిన మొట్టేవారు. మెత్తని మనిషి కాదు, కానీ గర్వం ఎరగని మనిషి.

ఒకసారి మందిరానికి కొత్తగా వచ్చిన పెద్దమనిషి, కుర్చీలు వేస్తున్న ఆమెను పనిమనిషి అనుకుని నీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చిచ్చారు. కాసేపటికి ఆమే లేచి ప్రార్థన నడిపిస్తే ఆయన నాలుక కరుచుకున్నాడు. మేం ఉడికిపోతుంటే, ఆయనకు దూపైంది, నీళ్ళడిగిండు, గంతే గదా అని నవ్వేశారు.

నాతో చదువుకున్న అనిత, ఆఫీసులో పరిచయమైన హిందూ అబ్బాయిని రిజిస్ట్రారు దగ్గర పెళ్ళి చేసుకుంది. సంఘపెద్దలు ఆమెను ప్రభు బల్లకు దూరం పెట్టారు. టీచరమ్మ వెళ్ళి వాదించారు. గొంతు పెంచినందుకు సంఘం ముందు క్షమాపణ అడగమన్నారు. మోకరించి అడిగారు. కానీ గొంతు పెంచినందుకే, అడిగిన న్యాయానికి కాదు. ఆపై వచ్చిన ప్రభు బల్ల ఆదివారం చివరి వరసలో అనిత పక్కన కూర్చుని, రొట్టెల పళ్ళెం చేతికొస్తే తీసుకోకుండా పక్కవాళ్ళకు దాటించారు. నెలనెలా అంతే. ఆ రొట్టె అంటే ఆమెకు ప్రాణం. ఆ ఆదివారాలు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినేవారు కాదు.

దేవుడికి లోబడమని మీరే నేర్పారు, మరి పెద్దల మాట కాదంటారేమని అడిగాను.

"దేవునికి లోబడ్డ గాబట్టే గీడ కూసున్న. గీ పిల్లను ఆయన ఎల్లగొట్టలే. నేనెట్ల తింట?" అన్నారు.

ఆఖరి రోజుల్లో ఒకనాడు పాస్టరుగారు రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ఆసుపత్రికొచ్చారు. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆ రొట్టె వంక చూస్తుంటే టీచరమ్మ కళ్ళు నిండాయి.

"అనితకిచ్చిన్రా అయ్యగారూ?"

సంఘ నియమం సంగతి తర్వాత, ముందు మీ ఆత్మ గురించి ఆలోచించుకోండి అన్నారాయన.

"అట్లయితే నాక్కూడ వద్దు" అని మొహం తిప్పుకున్నారు. ఆయన అన్నీ సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ మాట చెవులారా విన్న మనిషే, సమాధి దగ్గర ఆమెను అయోగ్యురాలిని చేశారు.

ఇకపై వినయానికి ఆమెనే మాదిరిగా చూపించి మమ్మల్ని నోరు మూసుకోమంటారు. టీచరమ్మా, మీకు నా కన్నీటి నమస్కారం. వచ్చే ప్రభు బల్ల ఆదివారం అనిత పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది. అందులో కూర్చునే వినయం మా సంఘంలో ఇంకెవరికుందో తెలియదు. నాకుందో లేదో కూడా.