తాడుకు ఇవతల మేము

మెల్‌బోర్న్‌లో అంతా సర్దేసి, పిల్లలతో సహా శాశ్వతంగా వచ్చేశాం. పొద్దున ఫిల్మ్‌నగర్‌లో అద్దెకు తీసుకున్న ఇంటికి వెళ్తే వీధికి అడ్డంగా తాడు కట్టేశారు. పక్కింట్లో షూటింగ్. హీరో విదేశం నుంచి ఇంటికొచ్చే సీనట!

“మేమూ విదేశం నుంచే వచ్చామండీ. ఆ పక్కది మా ఇల్లే,” అన్నాను.

ప్రొడక్షన్ మేనేజర్ మా సూట్‌కేసుల వంక చూశాడు. “మంచిగైంది సార్! మావి మరీ కొత్తగ కనిపిస్తున్నయ్. జర మీ పెట్టెలు ఇయ్యుండ్రి, ఒక్క షాటే.”

మొహమాటపడి ఇచ్చాను. హీరో వాటితో కారు దిగాడు, హారతి అందుకున్నాడు, కుడికాలు పెట్టాడు. దర్శకుడికి నచ్చలేదు. మళ్లీ దిగాడు, మళ్లీ పెట్టాడు. సాయంత్రమైంది. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

తాడు ఇవతల నిలబడే ఇది రాస్తున్నాను. మా పెట్టెలు ఎన్నిసార్లు గృహప్రవేశం చేశాయో లెక్కలేదు. మేం ఎప్పుడు చేస్తామో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.