ఎలుక ఎవరిది?

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్ల సంగతి మీరు వినే ఉంటారు. అదే కోపంతో ఒక ప్రార్థన కూడికను మొత్తం కుర్చీలెక్కించిన మనిషిని చూశారా? చూడండి, నేనే.

రెండు వేల పదకొండులో తుర్కపల్లి దగ్గర ఒక ల్యాబులో ఎలుకలను చూసుకునే ఉద్యోగం నాది. అద్దె గది కోసం రెండు నెలలు తిరగ్గా తిరగ్గా, శామీర్‌పేటలో ఏసుదాసు అంకుల్, మార్త ఆంటీ తమ ఇంటి వెనక గది అద్దెకిచ్చారు. ఒంటరి ఆడపిల్లకు అదే మహాభాగ్యం.

నెల తిరక్కుండానే ఒక ఎలుక నా బియ్యం సంచికి కిటికీ పెట్టింది. కొత్త చున్నీని జల్లెడ చేసింది. గోడ మూల కన్నం చూపించి, "అంకుల్, ఇది పూడిపించి మందు పెట్టించుండ్రి" అన్నాను.

"ఇరవై ఏండ్ల సంది మా ఇంట్ల ఒక్క ఎలుక లేదు బిడ్డా. ల్యాబుల కెల్లి నీ సంచిల వడి వచ్చిందేమో! ఖర్చు నువ్వే పెట్టుకోవాలె."

ఎంత మాట! ల్యాబు ఎలుకలు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉంటాయండీ. ఇదేమో బొగ్గు బస్తాకు తోక మొలిచినట్టుంది. రుజువు చేద్దామని బోను కొని, అందులో ఎండుచేప పెట్టాను. ఆదివారం మధ్యాహ్నానికి పడింది.

ఆ సంబరంలో ముందు గదిలోంచి పాటలు వినబడుతున్నా బుర్రకెక్కలేదు. బోను ఎత్తి పట్టుకుని దూసుకుపోయాను. జంపఖానా మీద పదిమంది, మధ్యలో కళ్లు మూసుకున్న పాస్టరుగారు.

"చూడుండ్రి అంకుల్! తెల్లగున్నదా ఇది? గిది మీ ఎలుకే!"

వాదనకు బలం చాలదేమోనని బోను గట్టిగా ఊపాను. తలుపు ఊడింది. ఎలుక పాస్టరుగారి ఒళ్లో దిగి, డోలక్ మీదుగా వంటింట్లోకి పోయింది. ఉన్నవి నాలుగు కుర్చీలు, ఎక్కింది పదిమంది.

గది పోయినట్టేనని ఖాళీ బోనుతో నిలబడి ఏడ్చేశాను. మార్త ఆంటీ కుర్చీ దిగి నన్ను దగ్గరికి తీసుకుంది. "ఏడువకు బిడ్డా" అని, భర్త వైపు తిరిగి ఉరిమింది: "ముందుగాల పొల్ల గదిల బొక్క పూడిపియ్యి!"

అంకుల్ నవ్వాపుకోలేకపోతున్నారు. "గోడ నాది, పూడిపిస్త. ఎలుకను పట్టే ఖర్చు మాత్రం నీదే."

"మళ్లా గదేంది అంకుల్?"

"నీ గదిలకు ఎలుకను ఎవలు తెచ్చిన్రో నాకెరుక లేదు. మా వంటింట్లకు మాత్రం నువ్వే తెచ్చినవ్. పాస్టరుగారే సాక్షి!"

ఆ రోజే కళ్లు తుడుచుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఏ ఇంటి ఓనరుతోనైనా వాదిస్తాను గానీ, రుజువును మాత్రం ప్రాణాలతో పట్టుకెళ్లను.