ఎస్తేరు కూర్చున్న కంప్యూటర్

ఇన్నేళ్లుగా నా లోపల ఒక ముల్లు దిగబడి ఉంది. పీకే ముందు కాస్త గొప్పలు చెప్పుకోనివ్వండి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, బంద్‌కి ఊరంతా ఆగిపోయిన పూట, ఎల్‌బీ నగర్‌లో లుంగీ కట్టుకుని కూర్చుని దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసును నడిపిన మొనగాణ్ణి నేను!

సరే, ఆఫీసు కాదు. ఒక్క కంప్యూటర్. నడపడమూ కాదు.

మాది కోచింగ్ సెంటర్. ప్రశ్నపత్రాలు టైపు చేసేది ఎస్తేరు, నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. కంప్యూటర్లు చూసుకునేది నేను. ఆఫీసులో విండోస్, మా ఇంట్లో లైనక్స్. ఇంట్లో కూర్చుని ఇందులోంచి అందులోకి వెళ్లడం నీ వల్ల కాదని యజమాని నవ్వేవాడు. అందుకే నాకంత పంతం. ఆ రోజు నల్లటి తెర మీద కమాండ్ కొట్టాను. కుదరలేదు. మార్చి కొట్టాను. ఒక్కసారిగా ఆఫీసు విండోస్ మా ఇంట్లో వెలిగింది! కుర్చీలోంచి లేచి ఇంట్లోవాళ్లందరినీ కేకేశాను. పాస్‌వర్డ్ కొట్టాను.

అప్పుడొక హెచ్చరిక వచ్చింది. ఎస్తేరు పనిలో ఉంది, మీరు వస్తే ఆమె బయటికి పోతుంది, సేవ్ చేయనిదంతా పోతుంది, కొనసాగాలా అని.

బస్సుల్లేని రోజు ఆమె కర్మన్‌ఘాట్ నుంచి నడిచి వచ్చి కూర్చుందని నాకేం తెలుసు? తెలియదా? పేరు కళ్లెదుటే ఉందిగా! చదివాను. చదివే ‘అవును’ నొక్కాను. గెలుపు అంత దగ్గరికొచ్చాక, ఇంకొకరు పొద్దుటి నుంచీ పడ్డ కష్టం నాకు అడ్డుగా మాత్రమే ఎందుకు కనిపించింది?

మర్నాటి పరీక్షకు పేపర్ లేదు. యజమానిదీ మా కోస్తా వైపే. “మీ తెలంగాణ బంద్ కదా, కావాలనే చెడగొట్టావు” అని ఎస్తేరును పనిలోంచి తీసేశాడు. తీసేసే ముందు నా వైపు తిరిగి, “కంప్యూటర్‌లో లోపమేమైనా ఉందా?” అని అడిగాడు.

“లేదండీ, బాగానే ఉంది” అన్నాను.

మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర ఎస్తేరు కనిపించింది. ఇన్నాళ్లూ నీ దగ్గర దాచానమ్మా అంటూ ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. చెబుతుంటే, సిగ్గులేకుండా, గుండె తేలికపడింది.

ఆమె నవ్వలేదు.

“దాచిన అంటరేంది సార్? మీరు లోపలికొస్తున్నరని మీ పేరు నా స్క్రీన్ మీద గూడ ఒచ్చింది. ఏం ఒత్తాల్నో తెలిసేలోపే అంతా పోయింది. ఆంధ్ర సార్ మీద తెలంగాణ పిల్ల కావాల్నని చెప్తుందంటరని నోరు మూసుకున్న. మీరు చెప్తరని మీ మొఖం దిక్కే చూసిన. మీరు చెప్పలే.”