యాజులుగారి సర్కారు వయసు

యాజులుగారికి రెండు వయసులుండేవి. ఒకటి వాళ్ళమ్మ కన్నప్పటి నుంచి వచ్చినది, రెండోది కొలువులో చేరేటప్పుడు ఆయన రాయించుకున్నది. రెండింటికీ ఆరేళ్ళ తేడా. ఇరవై అయిదు దాటినవాణ్ణి సర్కారువారు కొత్తగా చేర్చుకోరు గనక, ముప్పై ఒకటి నిండిన మనిషి తొణక్కుండా ఇరవై అయిదని చెప్పి నర్సీపట్నంలో గుమాస్తాగా చేరిపోయారు. ఆ సంగతి ఆయన భార్య బాలాంబగారికీ, ఆవిడ పుట్టింటివాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. నాకూ చాలా ఏళ్ళ తరవాత గాని తెలియలేదు.

మా వీధిలో ఆయనంత దిలాసాగా బతికిన మనిషి లేడు. జరీ కండువా, వెండిపొన్ను చేతికర్ర, ఊళ్ళోకి ఏ నాటకం కంపెనీ వచ్చినా ముందు వరస కుర్చీ. జీతం వచ్చిన వారం ఆయనింట్లో పూటకో చుట్టం. "రేపటి మాటేమిటి యాజులుగారూ?" అని ఎవరైనా అడిగితే, "రేపటి సంగతి చూసుకోడానికి సర్కారుంది. పన్లోంచి దిగిపోయాక కూడా సగం జీతం ఇంటికొస్తుంది. మీకులాగ నేను జీడితోటలు కొనుక్కోవాలేటి?" అనేవారు. మన్యంలో పితూరీ రేగిన రోజుల్లో మా వీధివాళ్ళు కొందరు హడలిపోయి నగానట్రా పెరళ్ళలో పాతిపెట్టుకుంటుంటే, ఆయన అరుగుమీద కాళ్ళు చాపుకుని నవ్వారు. పాతడానికి ఏమైనా ఉంటే కదా భయం! ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది.

పాతడానికి ఉన్నదల్లా బాలాంబగారికే. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఒక బారసాల లేదు, ఒక ఒడుగు లేదు, ఒక పెళ్ళి లేదు. వీధిలో ఎవరింట శుభకార్యమైనా పసుపు కొట్టడానికి మొదట వెళ్ళేది ఆవిడే. ఆవిడ ఇంటికి పసుపు కొట్టడానికి ఎవరూ రావలసిన అవసరం ఎన్నడూ పడలేదు. పెరట్లో ఒక గేదె ఉండేది. దాని నెయ్యి అమ్మిన డబ్బులు ముడుపు కట్టి, ఏళ్ళ తరబడి దాచి, చివరికి రెండు బంగారు పుస్తెలు చేయించుకుంది. మొగుడి అరవయ్యో ఏట షష్టిపూర్తి చేయించి, ఆయన చేత మళ్ళీ మెళ్ళో కట్టించుకోవాలని ఆవిడ కోరిక. జన్మకి అదొక్కటే ముచ్చట.

పంతొమ్మిది వందల ఇరవై ఆరులో యాజులుగారికి అసలు లెక్కన అరవై వచ్చాయి. సర్కారు లెక్కన యాభై నాలుగు. ఆవిడ పుస్తెలు తెచ్చి చూపించేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"నీకేమైనా మతిపోయిందా? ఊరందరికీ తెలిసేలా షష్టిపూర్తేమిటి! ఇంకొక్క ఏడు ఓపిక పడితే ముప్పై ఏళ్ళ సర్వీసు నిండుతుంది. సగం జీతం పింఛను. ఈలోగా నాకు అరవై అని పొక్కిందంటే ఉద్యోగమూ ఊడుతుంది, పింఛనూ పోతుంది."

"పోతే పోయిందని మీరే ధీమాగా అంటారనుకున్నాను. ఎప్పుడూ అలాగే అంటారుగా" అందిట ఆవిడ.

"పోతే తినడానికేముంది మనకి?"

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆయన నోట రావడం అదే మొదలు. అన్నాక సిగ్గుపడ్డారు. జవాబు ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆ సిగ్గులోంచే కాబోలు, చివరికి ఒక రాజీకి ఒప్పుకున్నారు. ఎస్. రాయవరంలో బాలాంబగారి అన్న సోమసుందరంగారున్నారు. అది ఇంకో తాలూకా. అక్కడ గుట్టుచప్పుడు కాకుండా చేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

అంతవరకూ బాగానే ఉంది. సెలవు అడగడానికి వెళ్ళినప్పుడు ఆఫీసరుగారు, "ఏమిటి విశేషం?" అన్నారు. నలతగా ఉందంటే సరిపోయేది. కాని యాజులుగారికి సాదాసీదా అబద్ధం రుచించదు. "రాయవరంలో మా బావగారు సోమసుందరంగారి షష్టిపూర్తండి. నేను లేకపోతే అక్కడ చెయ్యి కదలదు" అన్నారు. ఆ ఆఫీసరుగారు మంచి మనిషి. సంతోషించి సెలవిచ్చారు.

రాయవరంలో పందిరి వేశారు. బాలాంబగారు మధుపర్కాలు కట్టుకుని, బాసికం కట్టించుకుని, మొగుడి పక్కన పీటల మీద కూర్చుంది. ఆ పూట ఆవిడ మొహం చూసినవాళ్ళు అదృష్టవంతులని వర్ధనమ్మగారు ఇప్పటికీ అంటుంది. ఆవిడ సోమసుందరంగారి భార్య, నాకీ కథంతా చెప్పినది ఆవిడే. కలశ స్నానాలయ్యాయి. పుస్తెలు పసుపుతాడుకి గుచ్చి కొబ్బరికాయ మీద పెట్టి అందరి చేతా ముట్టిస్తున్నారు. అప్పుడు పరుగెత్తుకొచ్చాడు సింగన్న, వాళ్ళని నర్సీపట్నం నుంచి తీసుకొచ్చిన బండివాడు.

"బాబూ, మీ ఆపీసరుగోరు వత్తన్నారండి! రైలు దిగి మనూరు ఎల్తన్నారట, సెరుకు బళ్ళకాడ బండాపి నన్నడిగారు. సోమసుందరంగోరిల్లెటు, పెళ్ళికొడుకుని దీవించి పోతానన్నారు. నేను సేలకడ్డంపడి వచ్చేసినాను. బేగి సూసుకోండి!"

యాజులుగారు బాసికంతోనే పీట మీంచి లేచి, బావగారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"బావగారూ, మీరూ వర్ధనమ్మ చెల్లెమ్మా వచ్చి కూర్చోండి. ఆయన వెళ్ళేదాకా. మీ కాళ్ళు పట్టుకుంటాను, నా నోట్లో మట్టికొట్టకండి."

"ఇదేం అఘాయిత్యం యాజులూ! పీటల మీంచి లేస్తారా ఎవరైనా?" అన్నారు సోమసుందరంగారు.

పురోహితుడు మంత్రం ఆపి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వర్ధనమ్మగారు స్తంభం పట్టుకుని కదల్లేదు. ఎవరూ కదలకపోతే యాజులుగారు భార్యకేసి చూశారు.

బాలాంబగారు లేచింది. బాసికం విప్పి వదినగారి నుదుట కట్టింది. తన నుదుటి కల్యాణం బొట్టు చెంగుతో తుడుచుకుంది. "రా వదినా, కూర్చో. వేళ మించిపోతోంది" అని చెయ్యి పట్టుకు లాక్కొచ్చి, తను లేచిన పీట మీదే కూర్చోబెట్టింది. సోమసుందరంగారు కళ్ళు తుడుచుకుంటూ, యాజులుగారు విప్పి ఇచ్చిన బాసికం కట్టుకుని రెండో పీట మీద కూలబడ్డారు.

ఆఫీసరుగారు పందిట్లోకి వచ్చేసరికి ముహూర్తం సరిగ్గా పుస్తెలు కట్టే క్షణానికొచ్చింది. ఆయన చెప్పులు విడిచి, భక్తిగా నిలబడి, చేతినిండా అక్షింతలు పట్టుకున్నారు. పెద్దమనిషి అంతలా ఎదురుచూస్తుంటే పురోహితుడేం చేస్తాడు? గట్టిమేళం అన్నాడు. సోమసుందరంగారు చెల్లెలి పుస్తెలు పెళ్ళాం మెళ్ళో కట్టారు. బాలాంబగారు పక్కన నిలబడి, చుట్టపక్కాలతోపాటు అక్షింతలు వేసింది.

ఆఫీసరుగారు భోజనం చేసే వెళ్ళారు. యాజులుగారే దగ్గరుండి వడ్డించారు. "బావగారి శుభకార్యాన్ని ఇంత శ్రద్ధగా నడిపేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరండీ!" అని ఆయన మెచ్చుకుంటుంటే, మా యాజులుగారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్క గదిలో ఆడవాళ్ళందరూ వింటున్నారు.

బండి కదిలి వెళ్ళిపోయాక వర్ధనమ్మగారు పుస్తెలు పట్టుకుని భోరుమంది. "మీ అన్నయ్య చేత్తో కట్టించుకున్నాక ఎలా తియ్యనే నా తల్లీ! తియ్యకుండా ఎలా ఉండనే!"

"తియ్యకూడదు వదినా. నీ మెళ్ళో ఉంటే నా మెళ్ళో ఉన్నట్టే" అంది బాలాంబగారు. వర్ధనమ్మగారు ఆ పుస్తెలు ఈనాటికీ ఎవరికీ కనబడకుండా రవికలోకి దోపుకునే తిరుగుతుంది.

తిరుగు ప్రయాణంలో యాజులుగారు ఏదో చెప్పబోయారట. ఆవిడ సింగన్నతో గేదెకి పాలు పితికే వేళవుతోందని, కాస్త బేగి తోలమని అంది. అంతే. ఇంటికొచ్చాక కూడా ఆ మాట ఎత్తలేదు. తిట్టలేదు, ఏడవలేదు, చారులో ఉప్పు ఎక్కువ కాలేదు. కాని మా వీధిలో మేం గమనించింది ఒకటుంది. యాజులుగారు అరుగుమీద కూర్చుని రేపటి గురించి కోతలు కొయ్యడం మానేశారు. నాటకం కంపెనీ వస్తే ఇంట్లోనే ఉండిపోయారు. జరీ కండువా పెట్టెలోకి వెళ్ళింది. ముసలితనం ముంచుకొచ్చి పీనాసి అయ్యాడని మేం నవ్వుకున్నాం. మాకేం తెలుసు!

ఆ ఏడాదంతా ఆయన జీతంలోంచి కొంచెం కొంచెం మిగిల్చారు. బతుకులో మొదటిసారి మిగల్చడం, అదీ అరవై దాటాక. మరుసటేడు కచేరీలో దండ వేసి సాగనంపారు. సర్కారు లెక్కన యాభై అయిదేళ్ళ మనిషి, నిండు సర్వీసు, మచ్చలేని పేరు అని ఆఫీసరుగారు ఉపన్యసించారు. యాజులుగారు ఆ దండతోనే కంసాలి దగ్గరికి వెళ్ళి, తను మిగిల్చిన డబ్బుతో ముందే చేయించిన పుస్తెల పొట్లం తీసుకుని ఇంటికొచ్చారు. ఆవిడ పెరట్లో తవుడు కలుపుతోంది.

పొట్లం విప్పి ఎదురుగా పెట్టి, కుర్రాడిలా తడబడుతూ అన్నారు. "ఇంక మనకి ఎవరి భయమూ లేదు. మంచి రోజు చూడమంటాను. ఈ ఊళ్ళోనే, మన వీధిలోనే, అందరినీ పిలిచి చేసుకుందాం."

బాలాంబగారు వీధివైపు తలుపు వేసి ఉందో లేదో చూసి, గొంతు తగ్గించింది.

"మెల్లిగా మాటాడండి. మీకిప్పుడు యాభై అయిదేగా. ఎవరైనా వెళ్ళి చెప్పారంటే పింఛను ఆపేస్తారు. ఇంకో అయిదేళ్ళు పోనివ్వండి, అప్పుడు ధైర్యంగా చేసుకోవచ్చు."

దెప్పి ఉంటే ఆయన బతికిపోయేవారు. ఆవిడ దెప్పలేదు. నిజంగానే భయపడుతోంది. ఆ భయం నేర్పినవాడు ఎదురుగా దండ వేసుకుని నిలబడ్డాడు. మరో అయిదేళ్ళకి తనకి అరవై ఆరు. అంతవరకూ ఉంటాడో లేదో ఆయనకే తెలియదు. యాజులుగారు దండ తీసి గేదె ముందు పడేసి, ఆవిడ మొహం చూడలేక, తవుడు గంపలో చెయ్యి పెట్టి కలపడం మొదలుపెట్టారు.