రెండో స్కాను

మా నాన్నది కిరాణా కొట్టు, తాతదీ అదే. నేను నడక నేర్చింది బియ్యం బస్తాలు పట్టుకుని. "నీ అవసరం ఎదుటోనికి కనవడనియ్యకు బిడ్డా, కనవడ్డదంటే ధర పెరుగుతది," అనేవాడు మా నాన్న. సూరత్ వచ్చి, పాండేసరలో రంగుల మిల్లుల వెనక సందులో మనవాళ్ళకు చింతపండూ సన్నబియ్యమూ అమ్ముకుంటూ నిలదొక్కుకున్నానంటే ఆ మాట చలవే. ఆ మాటను డాక్టరు గదిలోకి కూడా వెంటబెట్టుకుని పోవడం మాత్రం నా సొంత ఘనకార్యం.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది, చలికాలంలో నాకు ఎడమ గజ్జల్లో నొప్పి మొదలైంది. మొదట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంటే పట్టేసేది. తర్వాత స్కూటరెక్కడానికి కాలు తిప్పలేకపోయాను. రెండు నెలలు నూనెలు రుద్దుకుని, చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుజరాతీ పెద్దమనిషి. మాస్కు మీద మాస్కు, దాని పైన ప్లాస్టిక్ తెర.

"నొప్పి పదిలో ఎంత?" అని హిందీలో అడిగాడు.

ముందుగా అంకె చెప్పినవాడు మునుగుతాడని తెలిసినవాణ్ణి. "మీరే చెప్పండి సాహెబ్. మామూలుగా ఎంత ఉంటుంది?"

ఆయన రాయడం ఆపి నా వైపు చూశాడు. "నొప్పి మీది కదా భాయ్."

"నాలుగు," అన్నాను. నిజానికి ఎనిమిది. నాలుగంటే నాలుగు గోలీలతో వదిలేస్తాడు, ఎనిమిదంటే ఆపరేషన్ దాకా లాగుతాడు అని నా అంచనా.

ఆయన బల్ల మీద పడుకోబెట్టి కాలును లోపలికి తిప్పగానే నేను పెట్టిన కేకతో అసలు అంకె బయటపడింది. కాలు వదిలేసి అడిగాడు: "కరోనా వచ్చిందా మీకు? అప్పుడు స్టెరాయిడ్లు ఏమైనా వాడారా?"

"లేదు సాహెబ్. మా ఇంట్లో ఎవరికీ రాలేదు."

వచ్చింది. ఆ ఎండాకాలం మొదట నాకే వచ్చింది. పరీక్ష చేయించుకుంటే మున్సిపాలిటీ వాళ్ళు తలుపుకు కాగితం అంటించి, సందుకు అడ్డంగా బొంగులు కట్టేసేవారు. దుకాణం మూతపడేది. అందుకని ఊరికి అటు చివర, నన్నెవరూ ఎరగని చోట ఒక డాక్టరుకు చూపించుకుని, ఐదు రోజులకు రాసిన గోలీలు తెచ్చుకున్నాను. దగ్గు కొట్టుకొచ్చే గిరాకీలకు వినపడకుండా లోపలి గదిలో దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకున్నాను. నా భార్య గల్లా దగ్గర కూర్చుంది. ఆమె ఊపిరి ఎందరి మీద పడిందో, నేను ఆలోచించదలచుకోలేదు.

ఆ గోలీలు చేసిన మాయ అంతా ఇంతా కాదు. జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, పాతికేళ్ళ నాడు ఎత్తినట్టు బస్తాలు ఎత్తాను. ఐదు రోజుల చీటీ చూపించి నెలన్నర పాటు కొనుక్కుని మింగాను. మందుల షాపతను, "ఇది స్టెరాయిడ్, కాకా. ఎక్కువ రోజులు మంచిది కాదు," అని చెప్పాడు కూడా. మా వంశంలో అమ్మేవాడు వద్దన్నాడంటే అర్థం ఒకటే. సరుకు మేలైనది, దాచుకుంటున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఆ పాపం నా తుంటితోనే పోయేది. మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, మా పై గదిలో ఉండేవాడు. నలభై దాటిన మనిషి. రంగుల మిల్లులో పన్నెండు గంటలు నిలబడి చేసే పని. నాకు తగ్గిన వారానికి అతనికి జ్వరం వచ్చింది. మెట్ల మీద కూర్చుని, "బావా, ఒళ్ళు కాలిపోతుంది. జర దవాఖానకు పోదాం," అన్నాడు.

"గీ మాత్రం దానికి దవాఖాననా? నా కాడ బలం గోలీలున్నయ్, ఏసుకో."

స్ట్రిప్పులోంచి విప్పి, పేరు కనపడకుండా, జీలకర్ర కట్టినట్టు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను. మూడు వారాలు ఇచ్చాను. అతను లేచి మిల్లుకు పోయాడు. "మా బావ గోలీలు మస్తున్నయ్," అని తోటివాళ్ళకు చెప్పుకున్నాడు.

ఇదంతా మింగి కూర్చున్న నాకు డాక్టరు ఎమ్మారై రాశాడు.

నన్ను స్కాన్ సెంటర్‌కు స్కూటర్ మీద తీసుకుపోయింది బామ్మర్దే. తెరిచే వేళకే వెళ్ళాం, ఎందుకంటే బోణీ గిరాకీని ఏ కొట్టువాడూ వెనక్కి పంపడు. అద్దం వెనక కూర్చున్న అమ్మాయికి ఆ సంగతి చెప్పి తగ్గించమన్నాను. ఆమె బోర్డు వైపు చూపించింది. ఫిల్ము వద్దు, సీడీ చాలు, ఇప్పుడెంత అన్నాను. బామ్మర్ది నా భుజం మీదికి వంగి, "ఆ రెండో కాలు ఇంట్ల పెట్టొస్తం, సగం తీస్కోమను బావా," అన్నాడు. పక్కనున్న ముసలాయన కూడా నవ్వాడు. తగ్గింది కొంచెమే, కాని ఏనుగునెక్కినట్టు లోపలికి వెళ్ళాను.

లోపల గర్వం నిలవలేదు. వాచీ, ఉంగరం తీయించారు. మాస్కులో ముక్కు మీద ఉండే తీగ కూడా ఇనుమేనట, వేరే మాస్కు ఇచ్చారు. మొలతాడుకు వెండి బిళ్ళ ఉందని అదీ విప్పమన్నారు. వెనక కట్టే నీలం గౌనులో, పిరుదులు చల్లగాలికి తగులుతుండగా, యాభై ఏళ్ళ పెద్దమనిషిని గోడకు ఆనుకుని పక్కకు పక్కకు నడిచాను. బల్ల మీద పడుకోబెట్టి, రెండు పాదాలూ లోపలికి తిప్పి బొటనవేళ్ళు కలిపి టేపు వేశారు. శవానికి కట్టినట్టే. చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెట్టి, "భయం వేస్తే నొక్కు కాకా. కదిలావంటే మళ్ళీ మొదట్నించీ," అన్నాడు టెక్నీషియన్.

గొట్టంలోకి వెళ్ళాక మొదలైంది మోత. మా సందు చివర మగ్గాల షెడ్డులో పడుకున్నట్టుంది. కాసేపు టకటక, కాసేపు దడదడ. పక్కకు తిరగలేను, గీరుకోలేను, ఎవరితోనూ మాట్లాడలేను. బేరమాడటానికి ఎవరూ లేని చోట అంతసేపు ఉండటం నా జన్మలో అదే మొదలు.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున బామ్మర్ది స్కూటర్ దిగిన తీరు. కుడి గజ్జల్లో బొటనవేలితో నొక్కుకుంటూ, కాలు కొంచెం ఈడుస్తూ దిగాడు. నాకు మొదలైనప్పుడు నేను దిగినట్టే. "ఏందిరా?" అంటే, "పదిహేను రోజులాయె. నిలవడి నిలవడి కాలు గుంజుతుంది," అన్నాడు. నేను "నూనె రుద్దు" అని చెప్పి బోణీ టైము దాటిపోతోందని తొందరపెట్టాను.

రబ్బరు బుడ్డి నొక్కాలనిపించింది. నొక్కితే మళ్ళీ మొదట్నించీ. నొక్కలేదు.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. కరోనా నియమం ప్రకారం రోగి ఒక్కడే లోపలికి. బామ్మర్ది బయట మెట్ల మీద కూర్చున్నాడు. డాక్టరు తెర మీద నా తుంటిని చూపించాడు. బంతిలా ఉండాల్సిన ఎముక తల ఎడమవైపు ఒకచోట కుంగిపోయింది. రక్తం అందక ఎముక చచ్చిపోతోందట.

"స్టెరాయిడ్లు ఎక్కువగా వాడిన వాళ్ళలో ఇప్పుడిది చూస్తున్నాం. మీరు వాడలేదన్నారు."

నేలవైపు చూశాను. "వాడాను సాహెబ్."

ఆయన తిట్టలేదు. కలం తీసి నా పాత కాగితంలో ఒక గీత కొట్టి పైన ఇంకేదో రాసుకున్నాడు. తిట్టి ఉంటే ఎదురు మాట్లాడేవాణ్ణి.

"అవే గోలీలు ఇంకొకరు మింగి ఉంటే? కాలు కొద్దిగా నొప్పి ఉంటే?"

"ఎన్నాళ్ళుగా?"

"పదిహేను రోజులు."

"వెంటనే తీసుకురండి. కుంగకముందే పట్టుకుంటే ఎముకను కాపాడే వీలుంది. నిలబడే పనైతే ఈ రోజే మానమనండి. మీకు ఆలస్యమైంది."

"మీరు స్కానుకు చీటీ రాసివ్వండి, మనిషిని తర్వాత..."

"మనిషిని తీసుకురండి," అన్నాడాయన. మళ్ళీ అడగనివ్వలేదు.

మనిషి బయట పది మెట్ల దూరంలోనే ఉన్నాడు. "ఏమన్నడు బావా?" అన్నాడు. "ఎముక జర నీరసపడ్డదట," అన్నాను. అతను స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఆ సాయంత్రం షిఫ్టుకు పోయాడు. మర్నాడూ పోయాడు. రెండు షిఫ్టులు, ఇరవై నాలుగు గంటలు నిలబడ్డాడు. ఆ నిలబడటం నా ఖాతాలోదని తెలిసి కూడా నేను గల్లా దగ్గర కూర్చుని, అతనికి కారణం తెలియకుండా స్కాను ఎలా తీయించాలా అని ఉపాయాలు అల్లాను.

మూడో రోజు, "సీడీ ఇంకోటి కావాలె, పోదాం పట్టు," అని అతన్ని స్కాన్ సెంటర్‌కు తీసుకుపోయాను. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి అద్దం దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగాను. ఒకే ఇంటి నుంచి రెండో మనిషి, అదే తుంటి స్కాను, ఎంతకు చేస్తారు?

అద్దం, దాని వెనక మాస్కు. ఆ అమ్మాయికి నా గుసగుస వినపడలేదు. గట్టిగా, "కాకా, ఇంకొకరికంటే ఎవరికి? డాక్టరు చీటీ లేకుండా తీయం," అంది.

వెనక్కి తిరిగితే బామ్మర్ది లేచి నిలబడి ఉన్నాడు. అతనికి హిందీ నాకంటే బాగా వచ్చు.

"ఇంకొకలు ఎవలు బావా?"

"నువ్వే. కాలు నొస్తుందంటివి గద, ఒక్కసారి చూపిస్తే పోతదని."

"నా కాలుకు నువ్వు పైసలు పెడ్తవా?" అని నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగాడు. "ఏమైంది?"

"ఎండాకాలం ఇచ్చిన గోలీలు... నావి మిగిలినయ్ ఇచ్చిన. అవి జర గట్టి మందులట."

అతను ఏమీ అనలేదు. మంచి గిరాకీ అంటే అలాంటివాడు. మాట్లాడకుండా నిలబడితే అమ్మేవాడే దిగివస్తాడు.

"మిగిలినయ్ గావు. నీకోసమని కొత్తయి కొన్న."

ఇంకా చూస్తున్నాడు.

"ఎక్కువ మింగొద్దని షాపాయన చెప్పిండు."

"దవాఖానకు పోదామంటి గద ఆనాడు."

"అంటివి."

"మరెందుకు వద్దంటివి?"

అక్కడ తగ్గించి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. "నీకు కరోనా అని తేలితే దుకాణం బంద్ చేస్తరని."

ముసలాయన ఎవరో దగ్గాడు. అందరూ అటు తిరిగారు. బామ్మర్ది మాత్రం నన్నే చూస్తూ, "నడువ్, డాక్టరు కాడికి," అన్నాడు. "ఎన్ని రోజులు, రోజుకెన్ని, అన్నీ నువ్వే చెప్పు. నాకు తెల్వదు గద, పొట్లంల ఇస్తివి." స్కూటర్ తాళం నా చేతిలో పెట్టాడు. నా కుంటికాలితో నేనే నడిపాను. అతను వెనక కూర్చుని, నా భుజం పట్టుకోకుండా సీటు వెనక కమ్మీ పట్టుకున్నాడు.

డాక్టరు ముందు అన్నీ చెప్పాను. గోలీ పేరు, బలం, రోజులు, ఎవరూ అడగకముందే. అదే రోజు రెండో స్కాను అయింది. ఆ అద్దం దగ్గర అతను బోర్డు మీదున్నంతా తన జేబులోంచే కట్టాడు. నన్ను ముందుకు రానివ్వలేదు.

అతని కుడి తుంటి కుంగలేదు. ఎముకలో సన్నని రంధ్రం చేసి రక్తం అందేలా చూశారు. నెలల తరబడి చంకకర్రలతో నడిచాడు. మిల్లువాళ్ళు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు, జీతం తక్కువ. నా ఎడమ తుంటిలో ఇప్పుడు లోహం ఉంది. గోలీల సంగతి తెలిసినప్పుడు మా ఆవిడ, "నా తమ్మునికి పొట్లం గట్టి ఇస్తివా," అని ఒక్క మాట అంది. మూడు రోజులు నాకు వడ్డించింది గాని ఎదురుగా కూర్చోలేదు.

బామ్మర్ది ఇల్లు మారాడు, రెండు సందుల అవతలికి. సరుకులకు మాత్రం మా కొట్టుకే వస్తాడు. అక్క కోసమని నాకు తెలుసు. ఒకప్పుడు అరకిలో చింతపండుకు అరగంట బేరమాడేవాడు. గింజలు ఎక్కువున్నయ్, నారెక్కువున్నది, బామ్మర్దినని గూడ చూస్తలేవు అని కొట్టంతా వినపడేలా. ఇప్పుడు నేను చెప్పిన ధర ఇచ్చేస్తాడు. ముక్కూ ముఖం తెలియని గిరాకీలు కూడా అలా ఇవ్వరు. మొన్న చేయి ఆగక తక్కెడ అతనివైపు బాగా మొగ్గేలా వేశాను. అతను ముల్లు వైపు చూశాడు.

"ఎక్కువ పడ్డది బావా," అన్నాడు. "తీసెయ్."

తీసేశాను.